ప్రాసెసర్ మార్చాక కంప్యూటర్ పదే పదే రీస్టార్ట్ అవుతోంది. ప్రాసెసర్ పోయినట్టేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. చిత్తూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒక తమ్ముడు బీ450 మదర్‌బోర్డు మీదున్న రైజెన్ 3 3200జీ తీసేసి రైజెన్ 7 5800ఎక్స్ వేయించుకున్నారు. పనిలో పనిగా ఉన్న రెండు 8 జీబీ ర్యామ్‌లకు తోడు ఇంకో రెండు కొని నాలుగు స్లాట్లూ నింపారు. కూలరు పాతదే, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపలి పవర్ సప్లై) పాతదే, గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1660 సూపర్. ఆ రోజు నుంచి రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారు చేసే పని) పెడితే పావుగంట, ఇరవై నిమిషాల్లో రీస్టార్ట్. ఒక్కోసారి ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడూ రీస్టార్ట్. ఒక షాపులో బోర్డు మార్చాలన్నారు, ఇంకో చోట ప్రాసెసరే డిఫెక్ట్ అన్నారు. విండోస్ రెండుసార్లు వేసి చూశారు, మార్పు లేదు. డెలివరీ తేదీ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది అని రాశారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ప్రాసెసర్ పోయిందని ఇప్పుడే తీర్మానించకండి, బోర్డు మాత్రం అస్సలు కొనకండి. నేను తిరుపతిలో పదిహేడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అప్‌గ్రేడ్ తర్వాత రీస్టార్ట్ అవుతోందని నా టేబుల్ మీదకు వచ్చిన వాటిలో నిజంగా ప్రాసెసర్ పాడైనవి తక్కువ. మీరు చెప్పిన వివరాలు చూస్తే నా అనుమానం మొదట నాలుగు ర్యామ్‌ల మీద, తర్వాత కరెంటు దారి మీద, అంటే ఎస్ఎంపీఎస్, యూపీఎస్, ప్రాసెసర్‌కు వెళ్ళే ప్లగ్గు మీద. ఆ తర్వాత బయోస్, అంటే ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్. కూలరు సంగతి వేరే, అది ఎలాగూ మార్చాల్సిందే.

డెలివరీ ఉంది కాబట్టి ఈ రాత్రికి ఇలా చేయండి. కొత్తగా కొన్న రెండు ర్యామ్‌లు తీసి పక్కన పెట్టండి. పాత జత మాత్రం ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో ఉండాలి. బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను స్టిక్కరు మీది స్పీడుతో నడిపించే సెట్టింగు) ఆపేయండి. ప్రాసెసర్ లాగే కరెంటును తగ్గించే ఎకో మోడ్ అనే ఆప్షన్ ఉంటే 65 వాట్లు ఎంచుకోండి. యూపీఎస్ వాడుతుంటే దాని నుంచి ప్లగ్గు తీసి గోడ సాకెట్‌కు నేరుగా పెట్టండి. ఇంత చేశాక రెండర్ పెడితే కొంచెం నెమ్మదిగా అయినా పూర్తవుతుందనే నా నమ్మకం. కరెంటు పోయే భయం ఉంటే సినిమా మొత్తం ఒకే ముక్కగా కాకుండా ముహూర్తం, తలంబ్రాలు, రిసెప్షన్ ఇలా విడివిడిగా రెండర్ చేసుకోండి. మధ్యలో ఆగినా పోయేది ఒక్క ముక్కే.

ఇది వైద్యం కాదు, డెలివరీ అయ్యేదాకా నొప్పి తగ్గించే మాత్ర. అసలు కారణం తర్వాత తీరిగ్గా వెతకాలి, అదీ ఒక్కోసారి ఒక్కటే మారుస్తూ. ఒకేసారి నాలుగు మార్చి "తగ్గింది" అంటే ఏది తగ్గించిందో తెలియదు, రెండు నెలలకు మళ్ళీ మొదటికొస్తుంది. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, టైము, ఏ పని చేస్తుంటే పోయింది, అంతకు ముందు ఏం మార్చారు, అంతే రాయండి. నా షాపులో ప్రతి మిషన్‌కూ ఒక కాగితం అతికిస్తాను. సగం రోగాలు ఆ కాగితం చూస్తేనే తెలిసిపోతాయి.

అసలు "పాత ప్రాసెసర్‌తో అన్నీ బాగానే ఉన్నాయి కదా, కొత్తది వేశాకే వచ్చింది కదా, మరి తప్పు కొత్తదానిది కాక ఇంకెవరిది" అనే ప్రశ్న అందరికీ వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. కానీ 3200జీ నాలుగు కోర్లది, 65 వాట్లది. 5800ఎక్స్ ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు. పెట్టె మీద 105 వాట్లని రాసి ఉన్నా, ఫుల్ లోడ్‌లో బోర్డు మీద తను కూర్చునే సాకెట్ నుంచి 142 వాట్ల దాకా లాగుతుంది. చిన్న సంసారానికి సరిపోయిన బావి మీద పెళ్ళి భోజనాలు పెట్టినట్టు అవుతుంది. బావి పాడవలేదు, దాని మీద పడే తోడుడు మారింది. పాత ఎస్ఎంపీఎస్, పాత యూపీఎస్, పాత కూలరు అన్నీ ఇన్నాళ్లూ దాచుకున్న బలహీనత ఇప్పుడు బయటపడుతుంది.

రెండో సంగతి చాలామందికి తెలియదు. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ బోర్డు మీద ఉండదు, ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ప్రాసెసర్ మార్చారంటే మెమరీ కంట్రోలర్ కూడా మార్చినట్టే. పాతదానితో కుదిరిన ర్యామ్ సెట్టింగులు కొత్తదానితో కుదరాలని రూలేమీ లేదు.

పోయేటప్పుడు ఎలా పోతోందో చూడండి. క్యాబినెట్ విప్పే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. "క్రాష్ అవుతోంది" అంటే సరిపోదు. నాలుగు రకాలుగా పోతుంది, నాలుగింటికీ దారులు వేరు.

నీలి తెర వచ్చి ఏదో కోడ్ చూపించి రీస్టార్ట్ అయితే విండోస్‌కు చివరి మాట చెప్పే టైము దొరికిందన్నమాట. ఆ కోడ్ బంగారం, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తెర మరీ త్వరగా మాయమవుతుంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌కు వెళ్ళి "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" టిక్కు తీసేయండి. అప్పుడు మీరు బటన్ నొక్కేదాకా తెర అలాగే ఉంటుంది. మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తే ముందు ర్యామ్ చూడాలి. ప్రతిసారీ వేరే వేరే కోడ్ వస్తున్నా ర్యామ్ వైపే నా చూపు. క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్ అని గానీ, డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అని గానీ వస్తే ప్రాసెసర్, దాని వోల్టేజీ, బయోస్ ఈ మూడింటి చుట్టూ వెతకాలి.

నీలి తెర లేకుండా కళ్ళ ముందు ఠక్కున నల్లబడి, వెంటనే బోర్డు లోగో వస్తే అది వేరు. విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి లేదు. మీది ఇదే రకం అనిపిస్తోంది. కరెంటు దారి గానీ, ప్రాసెసర్ తనకు తానే గుర్తించిన ఘోరమైన తప్పు గానీ కారణం.

పూర్తిగా ఆరిపోయి, బటన్ నొక్కినా కాసేపు లేవకపోతే ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగింది, లేదా వేడి హద్దు దాటింది. ఇక బొమ్మ అలాగే బిగుసుకుపోయి మౌస్ కదలకపోవడం నాలుగోది. దానికి ర్యామ్, గ్రాఫిక్స్ డ్రైవరు, ఒక్కోసారి ఎస్ఎస్‌డీ కూడా కారణం కావచ్చు.

ఇప్పుడు ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే భాగం. అక్కడ ఎర్ర గుర్తుతో "కెర్నల్-పవర్ 41" కనిపిస్తుంది. యూట్యూబ్‌లో దీన్ని చూపించి ఎస్ఎంపీఎస్ మార్చమని చెప్పే వీడియోలు బోలెడు. నమ్మకండి. 41 అంటే "పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని విండోస్ లేచాక రాసుకున్న వాక్యం మాత్రమే. మీరు ప్లగ్గు లాగేసినా అదే వస్తుంది. దాని పక్కన "డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 18" (హార్డ్‌వేర్‌లో దొరికిన తప్పును విండోస్ రాసుకునే ఎంట్రీ) ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఉంటే దాన్ని తెరిచి పూర్తిగా చదవండి. రిపోర్ట్ చేసింది ప్రాసెసర్ కోర్ అని, తప్పు రకం క్యాష్ హైరార్కీ ఎర్రర్ అని, కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని, తప్పు ఏ థ్రెడ్‌లో దొరికిందో చెప్పే ఒక అంకె ఉంటుంది.

ఆ అంకెను ప్రతిసారీ నోటుపుస్తకంలో రాయండి. మీ ప్రాసెసర్‌లో ఒక్కో కోర్‌కు రెండేసి థ్రెడ్లు కాబట్టి 0, 1 మొదటి కోర్‌వి, 2, 3 రెండో కోర్‌వి, అలా సాగుతుంది. ఐదారుసార్లు పోయినా ప్రతిసారీ అదే అంకె, లేదా దాని జత అంకె వస్తుంటే ఆ ఒక్క కోర్ బలహీనంగా ఉందని గట్టి సాక్ష్యం. అంకెలు చెల్లాచెదురుగా, ఒకసారి 3, ఒకసారి 10, ఒకసారి 6 ఇలా వస్తుంటే ఒకేసారి అన్ని కోర్లూ చెడిపోవు కదా, కారణం బయట ఉందని అర్థం. కరెంటు, ర్యామ్, బోర్డు సెట్టింగులు. 18 బదులు 19 వస్తూ, అందులో బస్ లేదా ఇంటర్‌కనెక్ట్ అని ఉంటే ర్యామ్ వేగంతో పాటు నడిచే లోపలి లింకు తట్టుకోలేకపోతోందని ముందు అనుమానించాలి. ర్యామ్ స్పీడు తగ్గించి చూడాలి.

ఊరికే ఉన్నప్పుడు పోతోందన్నారు. "లోడే లేదు, మరి ఎందుకు పోవాలి" అని చాలామంది తికమక పడతారు. 5800ఎక్స్ మామూలు వేగం 3.8 గిగాహెర్ట్‌జ్, కానీ ఒకటి రెండు కోర్లకే పని ఉన్నప్పుడు ఆ కోర్ 4.7 దాకా ఎగురుతుంది. అన్ని కోర్లూ కలిసి రెండర్ చేసేటప్పుడు అంత వేగం ఉండదు. అంటే బ్రౌజర్‌లో ఒక్క పేజీ తెరిచిన క్షణంలోనే ఒక కోర్ తన గరిష్ఠ వేగాన్ని, ఎక్కువ వోల్టేజీని తాకుతుంది. బలహీనమైన కోర్ అక్కడే దొరికిపోతుంది. దీనికి పరీక్ష: బయోస్‌లో కోర్ పెర్ఫార్మెన్స్ బూస్ట్ ఆపేసి రెండు రోజులు వాడండి. రీస్టార్ట్‌లు పూర్తిగా ఆగిపోతే దారి దొరికినట్టే. ఆగకపోతే బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే ఆప్షన్ వెతికి టిపికల్ కరెంట్ ఐడిల్ పెట్టండి. ప్రాసెసర్ నిద్రలోకి జారినప్పుడు లాగే కరెంటు మరీ తగ్గిపోతే కొన్ని పాత ఎస్ఎంపీఎస్‌లు తట్టుకోలేవు. ఈ ఒక్క సెట్టింగుతో బాగుపడ్డ మిషన్లు నా చేతి మీదుగా వెళ్ళాయి. బూస్ట్ ఆపడం పరీక్ష కోసమే సుమా, మీరు డబ్బు పెట్టి కొన్నది ఆ వేగం కోసమే.

ర్యామ్. 5800ఎక్స్‌కు రెండు ర్యామ్‌లు వేస్తే అధికారికంగా 3200 స్పీడు దాకా హామీ ఉంది. నాలుగు వేస్తే ఆ హామీ సింగిల్ ర్యాంక్ (చిప్‌లు ఒకే గుంపుగా ఉన్న) ర్యామ్‌లకు 2933, డ్యూయల్ ర్యాంక్ (రెండు గుంపులుగా ఉన్న) వాటికి 2667. అంతకు మించి నడిస్తే మంచిదే, చాలా మిషన్లు నడుస్తాయి కూడా. నడవకపోతే మాత్రం ఎవరినీ నిలదీయలేం. అందులోనూ మీ పాత జత, కొత్త జత వేర్వేరుగా కొన్నవి. స్టిక్కరు మీద ఒకే పేరు, ఒకే స్పీడు ఉన్నా లోపలి చిప్‌లు వేరే ఉండొచ్చు. ఎక్స్ఎంపీ నొక్కగానే బోర్డు నాలుగింటికీ ఒకే తాళం వేయిస్తుంది, ఒకటి తప్పినా మొత్తం పడిపోతుంది.

పరీక్ష తేలిక. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పడుకునే ముందు పెట్టి, పొద్దున చూడండి. కనీసం నాలుగు పాస్‌లు తిరగాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే, "ఒకటే కదా" అని వదలొద్దు. ముందు నాలుగూ ఉంచి ఎక్స్ఎంపీతో, తర్వాత ఎక్స్ఎంపీ లేకుండా, తర్వాత జతలు విడదీసి. నాలుగూ కావాల్సిందే అంటే ఎక్స్ఎంపీ వేసి స్పీడు మాత్రం చేత్తో 2933కు, అవసరమైతే 2666కు దించండి. మీ ఎడిటింగ్‌కు ఆ తేడా పెద్దగా తెలియదు, 32 జీబీ ఉన్న లాభం మాత్రం బాగా తెలుస్తుంది. అన్నిటికన్నా మంచిది ఒకే పెట్టెలో వచ్చిన రెండు 16 జీబీల జత. పాత నాలుగూ అమ్మేసి అది తీసుకోవచ్చు.

కరెంటు దారి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన జిల్లాల్లో ఇదే ఎక్కువ మందిని మోసం చేస్తుంది.

చంద్రగిరిలో ఒక ఫోటో స్టూడియో. అచ్చం మీలాంటి కేసే, చిన్న ప్రాసెసర్ నుంచి 5800ఎక్స్‌కు మారారు. రెండర్ పెడితే పోతుంది. పాపం ఎలక్ట్రానిక్స్ షాపులుండే చెన్నై రిచీ స్ట్రీట్‌కు రెండుసార్లు తిరిగి ప్రాసెసర్ ఒకసారి, బోర్డు ఒకసారి మార్పించుకొచ్చారు. నా దగ్గరకు తెచ్చినప్పుడు నా టేబుల్ మీద ఆరు గంటలు రెండర్ చేసినా చెక్కుచెదరలేదు. తీసుకెళ్ళారు, ఆ రాత్రే మళ్ళీ పోయింది. మర్నాడు నేనే స్టూడియోకు వెళ్ళి కూర్చున్నాను. సాయంత్రం ఏడు దాటింది, వీధిలో అన్ని షాపుల లైట్లూ వెలిగాయి. టేబుల్ కింద యూపీఎస్ "టిక్" మంది, కంప్యూటర్ పోయింది. నేను చూసింది కంప్యూటర్‌ను కాదు, మానిటర్‌ను. ప్రాసెసర్ తప్పయితే మానిటర్ "నో సిగ్నల్" అని చూపిస్తుంది. ఇక్కడ మానిటర్ కింద ఉండే చిన్న నీలం లైటు కూడా ఆరిపోయి మళ్ళీ వెలిగింది. అంటే పోయింది కంప్యూటర్ కాదు, దాని వెనక ఉన్న కరెంటే.

లెక్క వేసి చూడండి. మీ యూపీఎస్ 600 వీఏది (దాని మీద రాసి ఉండే సామర్థ్యం) అనుకుందాం, అంటే సాధారణంగా 360 వాట్లు. ప్రాసెసర్ 142, మీ 1660 సూపర్ 125, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఒక 50. ఇది 317. ఎస్ఎంపీఎస్‌లో వేడిగా పోయేది కలిపితే గోడ దగ్గర 370 దాటుతుంది. దాని మీద మానిటర్. మొత్తం 400కు దగ్గర. మెయిన్స్ బాగున్నంతసేపు నెట్టుకొస్తుంది. వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయి బ్యాటరీ మీదకు మారగానే, అదీ రెండేళ్ల పాత బ్యాటరీ అయితే, చేతులెత్తేస్తుంది. పాత ప్రాసెసర్‌తో ఇదే లెక్క 300 ప్రాంతంలో ఉండేది, అందుకే అప్పట్లో తెలియలేదు. ఆ స్టూడియోలో యూపీఎస్ పెద్దది పెట్టించాం, అక్కడితో సరి.

ఎస్ఎంపీఎస్ విషయం. 450 వాట్లు లెక్క ప్రకారం మీకు సరిపోతుంది. కానీ అంకె కన్నా వయసు, నాణ్యత ముఖ్యం. 12 వోల్టుల లైను 11.4కు, 12.6కు మధ్య ఉండాలి. మల్టీమీటర్ పెట్టి చూడొచ్చు, అయితే మల్టీమీటర్ నెమ్మది మనిషి. రెప్పపాటులో పడి లేచే వోల్టేజీ దానికి కనపడదు. కాబట్టి మీటర్‌లో బాగుందంటే బాగున్నట్టు కాదు. నిజమైన పరీక్ష ఒకటే: తెలిసినవాళ్ల దగ్గర మంచి 550 లేదా 650 వాట్ల ఎస్ఎంపీఎస్ రెండు రోజులు అప్పు తెచ్చి పెట్టి చూడటం. మా షాపులో దీనికోసమే ఒకటి పక్కన ఉంచుతాను. తెలిసినవాళ్ళకు అడిగితే ఇస్తాను కూడా.

ఇంకొకటి, బోర్డు పైభాగంలో ప్రాసెసర్ పక్కనే ఉండే పవర్ ప్లగ్గు. కూలరు, క్యాబినెట్ అంచు మధ్య చెయ్యి పట్టదు కాబట్టి ప్రాసెసర్ మార్చేటప్పుడు దాన్ని సగమే గుచ్చి వదిలేస్తుంటారు. ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంటే ఎనిమిదీ పెట్టాలి. టార్చ్ వేసి దగ్గర నుంచి చూడండి. కొక్కెం పూర్తిగా దిగి "క్లిక్" మనాలి. ప్లగ్గు పీకి చూస్తే తెల్లని, నల్లని ప్లాస్టిక్ ఒక మూల గోధుమ రంగుకు తిరిగి, పిన్ను చుట్టూ కొంచెం కరిగినట్టు ఉందంటే అక్కడ వదులుగా ఉండి కాలుతోందని. అది చూశాక ఆ కేబుల్‌ను మళ్ళీ వాడకండి.

వేడి. 5800ఎక్స్‌తో పెట్టెలో కూలరు రాదు. మీరు వాడుతున్నది 3200జీతో వచ్చిన చిన్న కూలరు. అది 65 వాట్ల ప్రాసెసర్లకు చేసింది, దానితో 142 వాట్లను చల్లార్చమంటే అవదు. అయినా నిజం చెప్పాలి: వేడి వల్ల ఈ ప్రాసెసర్ రీస్టార్ట్ కావడం అరుదు. 90 డిగ్రీలు దాని హద్దు, అక్కడికి చేరగానే తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో 88, 90 చూసి భయపడిపోకండి. కానీ ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బయటే నలభై దాటుతుంది, రేకుల కప్పు కింద ఎడిటింగ్ గది అంటే క్యాబినెట్ లోపల గాలి కొలిమి గాలే. అప్పుడు ప్రాసెసర్ తట్టుకున్నా దాని పక్కన కరెంటు సరఫరా చేసే వీఆర్ఎం భాగాలు తట్టుకోవు. మీ బోర్డు చవక రకమై వాటి మీద అల్యూమినియం దిమ్మ కూడా లేకపోతే కచ్చితంగా జాగ్రత్త పడాలి. మంచి టవర్ కూలరు ఒకటి, వెనకవైపు గాలి బయటకు తోసే ఫ్యాన్ ఒకటి పెట్టుకోండి. అది కుదిరేదాకా ఎకో మోడ్‌లోనే ఉంచండి. 65 వాట్ల ఎకో మోడ్‌లో ప్రాసెసర్ 88 వాట్ల దగ్గర ఆగుతుంది. వేడి బాగా తగ్గుతుంది, వేగం మాత్రం అంత తగ్గదు.

కూలరు తీసేటప్పుడు ఒక్క మాట, ఇది నా చేతిలో జరిగిన తప్పు నుంచి చెబుతున్నాను. ఈ రకం ప్రాసెసర్ల కింద 1331 సన్నని పిన్నులుంటాయి. ప్రాసెసర్‌కూ కూలరుకూ మధ్య రాసిన పాత పేస్ట్ ఎండి జిగురులా పట్టుకుంటే, కూలరును నేరుగా పైకి లాగినప్పుడు సాకెట్ లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా దానితో ఊడి వచ్చేస్తుంది. నాకలా వచ్చింది, మూలన మూడు పిన్నులు వంగాయి. బ్లేడు అంచుతో, భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటీ నిలబెట్టడానికి గంటన్నర పట్టింది. పెట్టాక ఆన్ అయింది, హమ్మయ్య అనుకున్నాను. కానీ ర్యామ్ 16కు బదులు 8 జీబీయే చూపించింది. ఒక పిన్ను ఇంకా సరిగ్గా తగలడం లేదు. మళ్ళీ తీసి, దాన్ని సరిచేశాక కానీ కుదరలేదు. ఆ కస్టమర్‌కు జరిగింది చెప్పి, సర్వీస్ డబ్బులు తీసుకోలేదు. అప్పటి నుంచి కూలరు తీసే ముందు పది నిమిషాలు మిషన్ నడిపి పేస్ట్ వెచ్చబడనిస్తాను. తర్వాత ఆపి, ప్లగ్గు తీసి, కూలరును అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి, పట్టు వదిలాకే పైకి తీస్తాను. మీ ప్రాసెసర్ వేసినవాళ్ళు పాతది ఎలా తీశారో, కొత్తదాని పిన్నులు ఎలా ఉన్నాయో తెలియదు కాబట్టి, మిగతావన్నీ అయ్యాక ఒకసారి తీసి వెలుతురులో ఏటవాలుగా చూడండి. వరుసలన్నీ నాటిన వరి మడిలా సమంగా కనిపించాలి.

బయోస్. "బూట్ అయింది కదా, బయోస్ సరిపోయినట్టే" అనుకోకండి. మీ 5800ఎక్స్ ఉన్న 5000 సిరీస్ 2020 నవంబరులో వచ్చింది. బీ450 బోర్డులకు దాని సపోర్టు మొదట్లో బీటా బయోస్‌లుగానే వచ్చింది. ఆ తొలి వాటితో ప్రాసెసర్ లేస్తుంది, కానీ ర్యామ్, బూస్ట్ విషయాల్లో నిలకడ తక్కువ. మీ బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్, రివిజన్ నంబరు రెండూ సరిచూసుకుని చివరి స్థిరమైన బయోస్ దించుకోండి. ఎఫ్ఏటీ32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి బోర్డు లోపలి టూల్‌తోనే వేయండి, విండోస్ నుంచి వద్దు. మిషన్ రీస్టార్ట్ అవుతున్న పరిస్థితిలో బయోస్ వేయడం ప్రమాదం, అందుకే ముందు ర్యామ్ రెండుకు తగ్గించి, ఎక్స్ఎంపీ ఆపి, అరగంట నిలబడుతోందని చూసుకున్నాకే. ఈ ఒక్క పనికి యూపీఎస్ మళ్ళీ తగిలించుకోండి, ఎందుకంటే బయోస్ వేసేటప్పుడు లోడు తక్కువే. మధ్యలో కరెంటు పోతే మాత్రం బోర్డే పోవచ్చు.

వేశాక పాత సెట్టింగులు మిగలకుండా సీమోస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే చోటు) క్లియర్ చేయండి. ప్లగ్గు తీసి, సీఆర్2032 బిళ్ల తీసి పది నిమిషాలు ఆగి పెట్టడమే. తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎఫ్‌టీపీఎం (తాళాలు దాచే ప్రాసెసర్ లోపలి భద్రతా భాగం) గురించి ఇంగ్లీషులో ఒక నల్ల తెర వచ్చి వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడగొచ్చు. కంగారులో వై నొక్కేయకండి. మీ డ్రైవ్‌కు బిట్‌లాకర్ (విండోస్ వేసే డేటా తాళం) ఉంటే రికవరీ కీ చేతిలో ఉన్నాకే నొక్కాలి, లేకపోతే పెళ్ళివాళ్ల ఫుటేజ్ మొత్తం తాళం వెనక ఉండిపోతుంది. ఫుటేజ్ కాపీ ఇంకో డిస్కులో ఉందో లేదో ఈ పనులన్నిటికీ ముందే చూసుకోండి.

విండోస్ గురించి రెండు మాటలే. రెండుసార్లు వేశారు, ఇక చాలు. నమ్మకం కుదరకపోతే లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి గంటసేపు లోడు పెట్టండి. అక్కడా పోతే విండోస్‌కు సంబంధం లేదని తేలిపోతుంది. చిప్‌సెట్ డ్రైవరు మాత్రం కొత్తది వేయండి. 3200జీలో బొమ్మ కూడా ప్రాసెసరే ఇచ్చేది, 5800ఎక్స్‌లో ఆ భాగం లేదు. అందుకే మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉండాలి.

ఇది చదివే ఇంటెల్ వాళ్ల కోసం ఒక మాట. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, ముఖ్యంగా ఐ7, ఐ9ల్లో ఇలాంటి క్రాష్‌లు వస్తే ముందు బయోస్ చూడండి. వోల్టేజీ ఎక్కువై ప్రాసెసర్ క్రమంగా దెబ్బతినే సమస్యను ఆ కంపెనీయే ఒప్పుకుని 2024 ఆగస్టులో, సెప్టెంబరులో బయోస్‌తో పాటు వచ్చే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ సవరణ ఇక మీదట జరగబోయే నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయినదాన్ని బాగు చేయదు. గేమ్‌లో "వీడియో మెమరీ చాలడం లేదు" అని వచ్చినా కొన్నిసార్లు తప్పు గ్రాఫిక్స్ కార్డుది కాదు, ఈ ప్రాసెసర్‌దే.

మరి మీ ప్రాసెసరే నిజంగా చెడ్డదని ఎప్పుడు అనుకోవాలి? బయోస్ కొత్తది, సెట్టింగులన్నీ డిఫాల్ట్, రెండే ర్యామ్‌లు ఎక్స్ఎంపీ లేకుండా, మెమ్‌టెస్ట్ రాత్రంతా శుభ్రం, అప్పు తెచ్చిన మంచి ఎస్ఎంపీఎస్, గోడ సాకెట్ నుంచి నేరుగా కరెంటు. ఇన్నీ ఉన్నా డబ్ల్యూహెచ్ఈఏ 18 వస్తూ, అందులో అదే ఏపీఐసీ ఐడీ తిరిగి తిరిగి కనిపిస్తే, బూస్ట్ ఆపినప్పుడు మాత్రం మాయమైతే, అప్పుడు ఇక సందేహం అక్కర్లేదు. వోల్టేజీ పెంచి నెట్టుకురమ్మని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, మీరు ఆ పని చేయకండి. సీల్డ్ పెట్టెలో కొన్నదైతే మూడేళ్ల వారంటీ ఉంటుంది, కొత్తదే తీసుకోండి. విడిగా ట్రేలో కొన్నదైతే అమ్మినవాళ్ల మాట మీద ఆధారపడి ఉంటుంది, బిల్లు వెతికి పెట్టుకోండి.

వారంటీకి వెళ్ళేటప్పుడు "ఊరికే రీస్టార్ట్ అవుతోంది" అంటే రెండు నిమిషాలు ఆన్ చేసి చూసి బాగుందని తిరిగిచ్చేస్తారు. ఈవెంట్ వ్యూయర్‌లో ఐదారు తేదీల ఫోటోలు, ఐడీ అంకె కనిపించేలా, మెమ్‌టెస్ట్ పాస్ అయిన తెర ఫోటో, మీరు ఏమేం మార్చి చూశారో ఆ నోటుపుస్తకం పేజీ, అన్నీ కలిపి ముందు పెట్టండి. మాట తీరే మారిపోతుంది. ముందు ఈ రాత్రి రెండర్ అవనీయండి తమ్ముడూ. డెలివరీ అయ్యాక ఆ 18 నంబరు ఈవెంట్లు ఎన్ని ఉన్నాయో, ఏ ఐడీలు వచ్చాయో, యూపీఎస్ ఎన్ని వీఏలదో, బోర్డు మోడల్ పక్కన బయోస్ తేదీ ఏముందో రాయండి. చూసి తర్వాత ఏది ముట్టుకోవాలో చెబుతాను.